బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత ప్రొటీన్, నీరు: శంషాబాద్ పరిసరాల్లో

బరువు తగ్గించే ఆపరేషన్ (బేరియాట్రిక్ సర్జరీ) చేయించుకున్నవారు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్, కనీసం లీటరున్నర ద్రవాలు తీసుకోవాలని వైద్యులు చెబుతారు. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. ఆచరణలో మొదటి మూడు నెలలు రోగికీ ఇంటివాళ్లకూ పరీక్ష పెట్టేది ఇదే. ఆపరేషన్ థియేటర్‌లో పని రెండు మూడు గంటల్లో ముగుస్తుంది, కుట్లు వారం పది రోజుల్లో మానతాయి. తిండి, నీళ్ల లెక్క మాత్రం బతికినన్నాళ్లూ సాగాలి.

ఈ ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రులు హైదరాబాద్‌లో ఎక్కువగా జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, సికింద్రాబాద్, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చేశారు. శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్, మహేశ్వరం వాళ్లు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగానో ఔటర్ రింగ్ రోడ్డు మీదుగానో అక్కడికి వెళ్లి, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి వస్తారు. ఆ తర్వాత డైటీషియన్ ఫోన్‌లో అందాల్సిందే. వంటింట్లో ఏం వండాలో, డ్యూటీలో ఎప్పుడు తాగాలో తేల్చుకునే భారం రోగిదీ ఇంటివాళ్లదీ. 2008 మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకున్నాక ఈ ప్రాంతానికి రాత్రీ పగలూ నడిచే ఉద్యోగాలు వచ్చాయి. వేళాపాళా లేని తిండి కూడా వాటితోపాటే వచ్చింది.

పొట్టలో చోటెంత

1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్‌ను మొదలుపెట్టాడు. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా జరిగేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం మిగులుస్తారు. రూ ఎన్ వై బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు దిగువ భాగానికి కలుపుతారు. మన దగ్గర బాగా వాడుకలో ఉన్న మినీ గ్యాస్ట్రిక్ బైపాస్‌లో సంచి కాస్త పొడుగ్గా ఉంటుంది, పేగులో దాటవేసే భాగం మాత్రం ఎక్కువ. ఆ భాగం ఎంత పొడుగైతే ప్రొటీన్ లోపం ముప్పు అంత పెరుగుతుంది. అందుకే తనకు జరిగింది ఏ ఆపరేషనో రోగికి పేరుతో సహా తెలిసి ఉండాలి. డిశ్చార్జి కాగితంలో ఆ వివరం ఉంటుంది. దాన్ని బీరువాలో దాచకుండా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి.

జీర్ణాశయం కుదించుకుపోయాక పుల్లటి రసం తగ్గుతుంది, మాంసం మెత్తబడటానికి పట్టే సమయం పెరుగుతుంది. బైపాస్ అయినవాళ్లలో తిండి క్లోమరసంతో కలవడమే ఆలస్యమవుతుంది. ఇంతలో బరువు వేగంగా పడిపోతూ ఉంటుంది. తగ్గే ప్రతి కిలోలో కొవ్వుతోపాటు కొంత కండ కూడా ఉంటుంది. ప్రొటీన్ అందకపోతే ఆ వాటా పెరుగుతుంది. మెట్లు ఎక్కితే తొడలు వణకడం, గాయాలు మానకపోవడం, లోపం ముదిరితే పాదాలు వాయడం దీని లక్షణాలు. మూడో నెల నుంచి ఆరో నెల వరకు జుట్టు రాలడం చాలామందిలో కనిపిస్తుంది. అందులో కొంత వేగంగా బరువు తగ్గడం వల్ల వచ్చేదే, తర్వాత మళ్లీ మొలుస్తుంది. ప్రొటీన్, ఐరన్, జింక్ తక్కువైతే మాత్రం జుట్టు ఎక్కువగా, ఎక్కువ కాలం రాలుతుంది.

ఈ ప్రొటీన్ లెక్క ఎంత కష్టమో తెలియాలంటే ఒక పోలిక చాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతుడైన 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు కావాలి. నిండుగా మూడు పూటలు తినేవాళ్ల కోసం వేసిన లెక్క అది. ఆపరేషన్ అయిన మనిషి అంతకంటే ఎక్కువ ప్రొటీన్‌ను పూటకు నాలుగైదు చెంచాలు పట్టే చోటులోంచి రాబట్టుకోవాలి.

60 గ్రాములు ఎక్కడి నుంచి

మన ఇళ్లలో పథ్యం అనగానే గుర్తొచ్చేవి గంజి, జావ, పప్పుకట్టు, చారు, కొబ్బరినీళ్లు, బత్తాయి రసం. జ్వరం వచ్చిన మనిషికి ఇవి చాలు. ఈ ఆపరేషన్ తర్వాత ఇవి నీటిని ఇస్తాయే తప్ప ప్రొటీన్‌ను దాదాపు ఇవ్వవు. పప్పులో బలం నీళ్లలోకి దిగిపోతుందని నమ్మి తేట మాత్రమే పోసే ఇళ్లు చాలా ఉన్నాయి. బలమంతా అడుగున మిగిలిన ముద్దలోనే ఉంటుంది. అదే పప్పును బాగా ఉడికించి, మిక్సీలో వేసి, పలుచగా జారేలా చేస్తే పని జరుగుతుంది. మేకకాళ్ల పులుసు పాయా సంగతీ అంతే. హైదరాబాదీలకు పాయా అంటే బలం. అందులో దొరికే ప్రొటీన్ ఎక్కువగా జెలటిన్. శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో ఉండదు, కాబట్టి దాన్ని రోజు లెక్కలో కలుపుకోకూడదు.

తిండి మెట్లు మెట్లుగా ముందుకు సాగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు, రెండు వారాల వరకు పాలు, మజ్జిగ, మిక్సీలో పలుచగా చేసిన పప్పు, ప్రొటీన్ పొడి, ఆ తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, అటుపైన మెత్తటి ముద్దలు, రెండో నెల దాటాక మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి ఈ వారాలు మారతాయి. ఎవరి వైద్యుడు చెప్పింది వాళ్లు పాటించాలి. పక్కింటివాళ్లు మూడో వారంలోనే ఇడ్లీ తిన్నారని తొందరపడితే కుట్ల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది.

మామూలు తిండికి వచ్చాక మాంసాహారి రోజు ఇలా సాగవచ్చు. రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, 50 గ్రాముల పనీర్‌లో 9, వండిన చికెన్ 60 గ్రాములైతే 15, గ్లాసు పాలలో 6, చిన్న గిన్నెడు గట్టి పప్పులో 5, 100 గ్రాముల పెరుగులో 3. మొత్తం 50 గ్రాములు. శాకాహారికి 20 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 10, 75 గ్రాముల పనీర్‌లో 14, రెండు గ్లాసుల పాలలో 12, పెరుగులో 3, పప్పు గిన్నెలో 5, గుప్పెడు పెసలతో పోసిన చిన్న పెసరట్లలో 7. ఇక్కడా 50 దగ్గరే ఆగుతాం. ఇవన్నీ సుమారు అంకెలు. వీటితో తెలిసేది ఒక్కటే, మిగతా 10 నుంచి 30 గ్రాముల కోసం మరో దారి వెతకాలి. అన్నంతో ఆ ఖాళీ నిండదు. కప్పు అన్నంలో నాలుగు గ్రాములకు మించి ఉండదు, పైగా అది చోటు తినేస్తుంది. అందుకే కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. మన వడ్డనలో వరస తిరగబడి ఉంటుంది. ఆ వరస మార్చడమే ఈ చికిత్సలో ఇంటివాళ్లు చేయగల పెద్ద సాయం.

శంషాబాద్ చుట్టుపక్కల ప్రొటీన్‌కు కొరత లేదు. రంగారెడ్డి జిల్లా కోళ్ల ఫారాలకు పేరుపొందింది. పక్కనే రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకానికి పనికొచ్చే వనరాజ, గ్రామప్రియ రకాలు అక్కడే పుట్టాయి. గుడ్డు చవక, మెత్తన, సులువుగా అరుగుతుంది. మొదటి నెలలు గడిచేదాకా దానికి సాటి వచ్చే పదార్థం తక్కువ. నాటుకోడి రుచిగా ఉన్నా మాంసం గట్టిది, మొదటి నెలల్లో గొంతు దిగాక అడ్డం పడుతుంది. కీమా, ముళ్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన బ్రాయిలర్ మాంసం నయం. పాలు పడనివాళ్లు దక్షిణాదిలో చాలామంది. బైపాస్ తర్వాత ఆ ఇబ్బంది ఇంకా పెరగవచ్చు. వాళ్లు పెరుగు, పనీర్ వైపు మళ్లాలి.

పొడి డబ్బా సంగతి

జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని సలహా ఇచ్చాయి. అది పత్రికల్లో పెద్దగా వచ్చింది. ఆ వార్త చదివి, ఆపరేషన్ అయిన తండ్రి చేతిలో డబ్బా లాక్కున్న పిల్లలూ ఉంటారు. ఆ సలహా మామూలుగా తినగలిగే ఆరోగ్యవంతులకు ఇచ్చింది. కడుపు నాలుగో వంతుకు తగ్గిన మనిషికి, వైద్యుడు రాసిచ్చిన మోతాదులో, ఆ పొడి మందుతో సమానం. ఒక చెంచాకొలతలో 20 గ్రాముల పైన ప్రొటీన్, అతి తక్కువ చక్కెర ఉన్నది, ఆహార భద్రత సంస్థ లైసెన్సు సంఖ్య ముద్రించినది చూసి కొనాలి. పాలు పడనివాళ్లకు వే ఐసోలేట్ గానీ సోయా, బఠానీ పొడి గానీ సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు వేరు. జిమ్ పక్కన దుకాణంలో సలహా తీసుకోవడం ప్రమాదం.

గుక్కగుక్కగా

ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో మళ్లీ ఆసుపత్రికి రావాల్సి రావడానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఒంట్లో నీరు తగ్గిపోవడం. దీనికి కారణం తాగే నీళ్లు తగ్గడమొక్కటే అనుకోవద్దు. మామూలు రోజుల్లో మనకు అందే నీటిలో అయిదో వంతు పైన అన్నం, కూర, చారు, పండ్లలోంచే వస్తుంది. తిండి పడిపోగానే ఆ వాటా కూడా పడిపోతుంది. చెంబెత్తి గటగటా తాగి దాన్ని పూడ్చుకుందామంటే చిన్న పొట్ట ఒప్పుకోదు. ఛాతీలో పట్టేసినట్టుండి వాంతి అవుతుంది.

తినేటప్పుడు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. మేలుకుని ఉండే 15 గంటల్లో భోజనాలు, వాటి విరామాలకు 5 గంటలు పోతే 10 గంటలు మిగులుతాయి. లీటరున్నరను వాటికి పంచితే గంటకు 150 మిల్లీలీటర్లు. అంటే ప్రతి ఆరు నిమిషాలకు ఒక పెద్ద చెంచాడు. ఈ లెక్క మనసులో ఉంచుకుంటే సీసా ఎందుకు చేతిలోనే ఉండాలో ఎవరూ చెప్పనక్కరలేదు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు, ముదురు రంగులో కొద్దిగా వస్తే చాలడం లేనట్టు.

ఏం తాగాలి? మామూలు నీళ్లు, పలుచటి ఉప్పు మజ్జిగ, చక్కెర లేని నిమ్మనీళ్లు. మజ్జిగలో ప్రొటీన్ అంతగా లేకపోయినా ఉప్పు, నీరు రెండూ ఇస్తుంది, ఎండలో అదే మన ప్రాంతపు మంచి పానీయం. మొదటి నెలలో పచ్చిమిర్చి, అల్లం వేయకుండా వడకట్టి ఇవ్వాలి. కొబ్బరినీళ్లు మితంగా తాగవచ్చు, కిడ్నీ జబ్బు ఉంటే అడిగి తాగాలి. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు. చెరుకురసం, ఫలూదా వంటి తీపి పానీయాలు బైపాస్ అయినవాళ్లలో పేగులోకి ఒక్కసారిగా దూకి గుండెదడ, చెమటలు, విరేచనం తెస్తాయి. వైద్యులు దీన్ని డంపింగ్ అంటారు. ఇరానీ చాయ్ మీద మనసు చంపుకోలేనివాళ్లు నెల దాటాక వైద్యుణ్ని అడిగి, చక్కెర లేకుండా అరకప్పు తాగవచ్చు. దాన్ని నీళ్ల లెక్కలో వేసుకోకపోవడం మంచిది. కల్లు, సారా, బీరు అన్నీ మానాలి. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి వేగంగా, ఎక్కువగా చేరుతుంది, వ్యసనంగా మారే ముప్పూ పెరుగుతుంది.

నీరు తక్కువైన ఒంటికి మందులు కూడా ఎదురుతిరుగుతాయి. బరువు తగ్గేకొద్దీ బీపీ దానంతటదే దిగుతుంది. పాత మోతాదే మింగుతూ, మూత్రం ఎక్కువ వచ్చే బిళ్లలు వేసుకుంటూ ఉంటే మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు. షుగర్‌కు వాడే మందుల్లో ‘గ్లిఫ్లోజిన్’ అని ముగిసే పేర్లున్నవి, తిండీ నీళ్లూ తగ్గినప్పుడు, షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలను పెంచి ప్రాణం మీదికి తేగలవు. ఆపరేషన్‌కు ముందే వీటి గురించి వైద్యుణ్ని అడిగి తీరాలి. బైపాస్ అయినవాళ్లలో ఆక్జలేట్ రాళ్లు కిడ్నీలో ఏర్పడే అవకాశం ఎక్కువ, దానికి మొదటి అడ్డుకట్ట నీళ్లే.

షిఫ్టు, ఎండ, స్టీరింగు

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రన్‌వే పక్కన సామాను ఎక్కించేవాళ్లు, కార్గో గోదాముల్లో పనిచేసేవాళ్లు, పార్కింగ్‌లో గంటల తరబడి వంతు కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్లు, భద్రతా సిబ్బంది, అర్ధరాత్రి విమానాలకు నిలబడే కౌంటరు ఉద్యోగులు, వీళ్లలో ఎవరైనా ఆపరేషన్ చేయించుకుంటే ఆరు నిమిషాలకో చెంచా అన్న నియమం ఎలా సాగుతుంది? బాత్రూమ్ దూరమనో, శుభ్రంగా ఉండదనో నీళ్లు మానేసే అలవాటు డ్రైవర్లలో, ఆడ ఉద్యోగుల్లో ఎక్కువగా ఉంది. పర్యవేక్షకులు దీన్ని సొంత విషయమని వదిలేయడం తప్పు. ఎండలో పనిచేసేవాళ్లకు లీటరున్నర చాలదు, ఇంకా పెంచాలి. ఉద్యోగంలో చేరే ముందు వైద్యుడి నుంచి ఒక కాగితం తీసుకుని, మొదటి రెండు మూడు నెలలు నీడపట్టున పని, గంటకో చిన్న విరామం అడగడం హక్కుగా భావించాలి.

రాత్రి షిఫ్టు వాళ్లకు ‘రోజు’ సూర్యుడితో మొదలుకాదు. లేచిన గంటతో లెక్క మొదలుపెట్టి, మూడు గంటలకోసారి చిన్న డబ్బా తెరవాలి. ఉడికించిన గుడ్డు, వేయించిన పనీర్ ముక్కలు, పలుచగా కలిపిన ప్రొటీన్ పొడి డ్యూటీ బ్యాగులో పడతాయి. క్యాంటీన్‌లో దొరికే ఉప్మా, సమోసా, ఉస్మానియా బిస్కెట్లు కడుపును నింపుతాయి, ప్రొటీన్‌ను ఇవ్వవు.

విమానం ఎక్కేవాళ్లకు

విదేశాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని తిరిగి వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. మొదటి నెలలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. విమానం లోపలి గాలిలో తేమ చాలా తక్కువ, గంటల తరబడి కదలకుండా కూర్చుంటాం, నీళ్లు తక్కువ తాగుతాం. మూడూ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. కాబట్టి టికెట్ తేదీని సర్జన్ నిర్ణయించాలి, సెలవు నిర్ణయించకూడదు. అంతర్జాతీయ ప్రయాణంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలను భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారు. ఖాళీ సీసా తీసుకెళ్లి లోపల నింపుకోవాలి. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడులకు అదనపు తనిఖీ ఉంటుంది. పెద్ద డబ్బాను చెక్-ఇన్ సామానులో వేసి, దారికి సరిపడా పొట్లాలు చేతిలో ఉంచుకోవాలి.

పెళ్లిళ్లు, పండగలు, ఉపవాసాలు

శంషాబాద్ రోడ్ల వెంట ఫంక్షన్ హాళ్లకు లెక్కలేదు. పెళ్లి భోజనంలో మొహమాటపెట్టి వడ్డించడం మన మర్యాద. ఆపరేషన్ అయిన బంధువు విస్తరి ముందు ఆ మర్యాదను పక్కన పెట్టాలి. ‘ఒక్క ముద్ద’ అన్నదే వాంతికి దారితీస్తుంది. రంజాన్ నెలలో హలీమ్ గురించి అడిగేవాళ్లు చాలామంది. మెత్తగా రుబ్బిన మాంసం, గోధుమ కలిసిన వంటకం కనుక కొన్ని నెలల తర్వాత రెండు మూడు చెంచాలు తినవచ్చు, పైన తేలే నెయ్యి తీసేయాలి. ఉపవాసం మాత్రం వేరే విషయం. పగలంతా చుక్క నీరు లేకుండా ఉండే రోజా అయినా, నిర్జల ఏకాదశి అయినా మొదటి ఏడాది, ఏడాదిన్నర వద్దని వైద్యులు చెబుతారు. జబ్బుపడినవాళ్లకు సడలింపు రెండు మతాల్లోనూ ఉంది.

బీ1 విటమిన్, బెరిబెరి

విటమిన్ బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి. బీ12, ఐరన్, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి, ఫోలిక్ ఆమ్లం అందులో ముఖ్యం. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను బలితీసుకున్న స్ప్రూ జబ్బులోనూ పేగు పోషకాలను సరిగా పీల్చుకోలేదు.

అన్నిటికంటే తొందరగా ప్రమాదం తెచ్చేది బీ1, అంటే థయామిన్ లోపం. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. తిండి తగ్గి, పైగా వాంతులు పట్టుకుంటే అది అడుగంటుతుంది. దీని చరిత్రకు తెలుగు నేలతో సంబంధం ఉంది. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఈ లోపం వల్ల వచ్చే బెరిబెరి స్థిరపడి ఉండేది. ఆ జబ్బును పరిశోధించడానికి రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూర్‌లో ఒక్క గదిలో మొదలుపెట్టిన పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇళ్లలోంచి దాదాపు పోయిన ఆ జబ్బు ఇప్పుడు బేరియాట్రిక్ వార్డుల్లో మళ్లీ కనిపిస్తోంది. పాదాల్లో తిమ్మిరి, మంటతో మొదలుకావచ్చు. ఒక్కటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తడబడటం, మతి తప్పడం కనిపిస్తే మెదడు దెబ్బతింటున్నట్టు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడే ఒక అలవాటు ప్రాణాంతకమవుతుంది. నీరసంగా ఉందంటే వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన దగ్గర మామూలు. థయామిన్ అడుగంటిన ఒంట్లోకి ముందుగా గ్లూకోజ్ వెళితే మిగిలిన కాస్త విటమినూ ఖర్చయిపోయి, జబ్బు గంటల్లో ముదరగలదు. ముందు థయామిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. ఆ ఇంజెక్షన్ ఖరీదైనదీ కాదు, దొరకనిదీ కాదు. ఆపరేషన్ అయినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వాంతులు ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే, నీళ్లు కూడా నిలవకపోతే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. తూలుతున్నా, మాట తేడాగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా 108 పిలవండి. ఎక్కడికి తీసుకెళ్లినా సూది గుచ్చకముందే బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందని చెప్పండి, థయామిన్ ఇచ్చారా అని అడగండి.